కెమెరాకు కుదురు

కుండ ఎంత మంచిదైనను కుదురు లేనిదే నిలువదు. నీళ్ల బిందెను చంక దింపిన ఇల్లాలికి ఈ మాట ఎవరును చెప్పనక్కరలేదు. కాని కెమెరా కొనువారికి మాత్రము దీనిని మరల మరల చెప్పవలసియే వచ్చుచున్నది. కటకము, అనగా లెన్సు, ఎంత మేలైనదో, కెమెరా ఎంత సూక్ష్మముగా చిత్రించునో రోజుల తరబడి విచారించి, వేలకు వేలు పోసి కొని, కడకు ఆ పరికరమునంతను చేతికందిన చౌక స్టాండుపై నిలుపువారు అనేకులు. ఆ స్టాండునకును కెమెరాకును నడుమ నుండు ఒక చిన్న కీలును గురించి ఈ ప్రసంగము. దానికి అంగడిలో బాల్ హెడ్ అని పేరు. మనము బంతితల అనుకొందము.

ఇంత చిన్న వస్తువునకు ఒక ప్రసంగమేల అని అడుగవచ్చును. తిరిగి తీయుటకు వీలులేని చిత్రములు కొన్ని కలవు గనుక. నాగార్జునకొండ లోయలో 1954 నుండి 1960 వరకు పెద్ద ఎత్తున త్రవ్వకములు జరిగెను. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు వదలునాటికి ఆ లోయ నీటి అడుగునకు చేరినది. కొన్ని కట్టడములను కొండపైకి తరలించి తిరిగి నిర్మించిరి. అయినను అవి తొల్లి ఉన్నచోట ఎట్లుండెనో మనకు తెలుపునవి ఆనాడు గీసిన పటములును, తీసిన ఛాయాచిత్రములును మాత్రమే. వానిలో ఒకటి కదలి చెదరినదైనచో, మరల తీయుటకు ఆ చోటు లేదు. ఇంతటి పెద్ద విషయము కాకున్నను, ప్రతి ఇంటను ఇట్టి చిత్రము ఒకటి ఉండును. తొంబదియేండ్ల తాతగారు పండుగనాడు మనుమలందరి నడుమ కూర్చుండిన క్షణము రెండవ మారు రాదు.

చిత్రము చెదరుటకు కారణము పెక్కుమార్లు చేతి వణుకు. చేతితో పట్టి తీయునపుడు కటకపు నాభ్యంతరము ఎన్ని మిల్లీమీటర్లో, సెకనులో కనీసము అన్నవ వంతు వేగముతో షట్టరు పనిచేయవలెనని పాత ఛాయాచిత్రకారుల వాడుక. 200 మిల్లీమీటర్ల కటకమునకు సెకనులో 200వ వంతు అన్నమాట. నేటి కెమెరాలలోను, కటకములలోను వణుకును సర్దు యంత్రాంగము వచ్చిన తరువాత ఈ నియమము చాలవరకు సడలినది. అయినను గుడి మండపపు చీకటిలో, సంధ్యవేళ ఏటియొడ్డున, నక్షత్రములు గల ఆకాశము క్రింద, షట్టరు సెకనులకొలది తెరచియుండవలసిన చోట చేయి ఎంత నేర్పరిదైనను చాలదు. అచట స్టాండే శరణ్యము.

స్టాండునకు కాళ్లు మూడే ఏల? పొయ్యికి మూడు రాళ్లే ఏలయో అందులకే. మూడు బిందువుల మీదుగా ఒక తలము తప్పక పోవును. గనుక నేల ఎగుడుదిగుడైనను మూడు కాళ్లును నేలనంటియుండును. నాలుగు కాళ్ల బల్ల గచ్చుపై సైతము ఒక్కొక్కప్పుడు ఊగును, ముక్కాలిపీట ఊగదు. అయితే కాళ్లు నిలకడగా నున్నంత మాత్రమున కెమెరా నిలకడగా నున్నట్లు కాదు. కెమెరాను పైకి, క్రిందికి, ప్రక్కకు త్రిప్పవలెను. త్రిప్పిన పిదప అది అక్కడనే ఆగవలెను. ఈ రెండు పనులును, అనగా కదలుటయు కదలకుండుటయు, ఒక్క కీలే చేయవలసియున్నది. చిక్కు అంతయు ఇచటనే కలదు.

మన భుజములోను, తుంటిలోను ఉన్నది బంతిగిన్నె కీలు అని పాఠశాలలో చదివియుందుము. ఎముక కొన బంతివలె గుండ్రముగా నుండి, గిన్నెవంటి పల్లములో అమరి, అన్ని దిక్కులకు తిరుగును. బంతితల నిర్మాణము సరిగా ఇట్టిదే. లోహపు గిన్నెలో నునుపైన లోహపు బంతి ఒకటి యుండును. బంతినుండి పైకి వచ్చిన చిన్న కాడపై కెమెరాను బిగించు పట్టు ఉండును. ప్రక్కనున్న పెద్ద మరను త్రిప్పినచో గిన్నెలోని లోపలి భాగము బంతిని నొక్కి పట్టును. మర వదలు చేసినచో కెమెరా ఏ దిక్కునకైనను వాలును. అడుగున మరియొక మర యుండి, తల మొత్తమును చుట్టును త్రిప్పుటకు, ఆపుటకు ఉపయోగపడును. మేలురకపు తలలలో మూడవ మర యొకటి ఉండును. బంతిపై ఒరపిడి ఎంత ఉండవలెనో అది నిర్ణయించును.

ఎంత నిలకడ కావలెనో మొదట లెక్క చూతము. 200 మిల్లీమీటర్ల కటకముతో దూరపు వస్తువును చిత్రించునపుడు, కెమెరాలోని గ్రాహకముపై బింబము మిల్లీమీటరులో వెయ్యింట ఆరువంతులు జరిగినచో చాలును, నేటి సూక్ష్మమైన కెమెరా దానిని పట్టి చూపును. అంత జరుగుటకు, బంతినుండి 10 సెంటీమీటర్ల దూరములో నున్న కటకపు ముందుభాగము మిల్లీమీటరులో వెయ్యింట మూడువంతులు కదలిన సరిపోవును. అది తలవెంట్రుక మందములో ఇంచుమించు ఇరువదవ వంతు. కంటికి ఆనని కదలిక చిత్రమున మసకయై కనుపించుటకు ఇదియే కారణము. కటకము ఎంత దూరమును దగ్గరకు తెచ్చునో, కదలికను కూడ అంతగానే పెద్దది చేయును. గనుక విశాలదృశ్యములు తీయు కటకమునకు చాలిన తల, పక్షులను తీయు కటకమునకు చాలకపోవచ్చును.

ఇక, తల దేనివలన పట్టు నిలుపుకొనుచున్నది? కేవలము ఒరపిడివలననే. ఇందు రెండు విషయములు ముఖ్యములు. మొదటిది కెమెరా బరువు కాదు, ఆ బరువు బంతినుండి ఎంత దూరమున నున్నది అనునది. నీళ్ల చెంబును రొమ్మునకు ఆనించి పట్టుకొన్నచో అలసట తెలియదు. అదే చెంబును చేయి చాచి పట్టుకొన్నచో కొలది నిముషములలో భుజము నొచ్చును. చెంబు బరువు పెరుగలేదు, దూరము పెరిగినది. కెమెరాయు, కటకమును కలిసి 2 కిలోగ్రాములున్నవనుకొందము. వాని గరిమకేంద్రము బంతికి నిట్టనిలువుగా 10 సెంటీమీటర్ల ఎత్తున నున్నచో, కెమెరా సమముగా నున్నంతవరకు బంతిపై మెలిబలము ఉండదు. కెమెరాను 30 డిగ్రీలు వంచినచో ఆ కేంద్రము 5 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. అప్పుడు తల ఓర్వవలసిన మెలి 10 కిలోగ్రాము-సెంటీమీటర్లు. పూర్తిగా 90 డిగ్రీలు వాల్చినచో అది 20 అగును. బరువు మాత్రము అన్ని స్థితులలోను ఆ రెండు కిలోగ్రాములే.

రెండవది బంతి పరిమాణము. ఒరపిడి బంతి ఉపరితలమున పనిచేయును గనుక, బంతి ఎంత పెద్దదైన ఒరపిడికి అంత పొడవైన ఆధారము దొరకును. పైన చెప్పిన 20 కిలోగ్రాము-సెంటీమీటర్ల మెలిని ఆపుటకు, 30 మిల్లీమీటర్ల వ్యాసము గల బంతిపై సుమారు 13 కిలోగ్రాముల ఒరపిడి కావలెను. 50 మిల్లీమీటర్ల బంతియైనచో 8 కిలోగ్రాములు చాలును. కావుననే చిన్నబంతి గల తలపై మరను పండ్లు బిగబట్టి త్రిప్పవలసి వచ్చును. పెద్దబంతి గల తల వ్రేళ్ల కొసలతో బిగించిన నిలుచును. సుమారుగా చెప్పవలెనన్న, తేలిక కెమెరాకు 30 నుండి 36 మిల్లీమీటర్ల బంతి సరిపడును. సాధారణమైన పెద్ద కెమెరాకు, మధ్యరకపు దూరదృష్టి కటకమునకు 40 మిల్లీమీటర్లు దాటిన బంతి కావలెను. బరువైన కటకములు గలవారు 50 మిల్లీమీటర్ల వంకకు చూడవలెను.

అంగడిలో పెట్టెపై ఇన్ని కిలోగ్రాములు మోయునని ఒక అంకె అచ్చువేసి ఉండును. దానిని చూచి మురియరాదు. ఆ అంకెను కొలుచుటకు తయారీదారులందరును పాటించు ఉమ్మడి పద్ధతి లేదు. ఒకరు నిట్టనిలువుగా పెట్టిన బరువును లెక్కింతురు, వేరొకరు వాల్చి కొలుతురు. పైన చూచినట్లు నిలువు బరువు తలకు పరీక్షయే కాదు. గనుక మీ పరికరము బరువునకు మూడింతలైనను మోయుననిపించుకొన్న తలను పరిశీలనకు తీసికొని, ఆపైన మీ చేతితో మీరే పరీక్షించుట మేలు.

చేతి పరీక్షలో మొదట చూడవలసినది మృదుత్వము. మరను సగము బిగించి బంతిని మెల్లగా కదిలింపుడు. మంచి తల గడ్డపెరుగులో గరిటె తిరిగినట్లు ఒకే తీరున కదలును. చౌక తల మొదట మొరాయించి, ఆపైన ఒక్కసారిగా జారును. కారణము భౌతికశాస్త్రములోనిదే. నిలిచియున్న వస్తువును కదిలించుటకు కావలసిన బలము, కదలుచున్న దానిని కదిలించుటకు కావలసిన దానికన్న హెచ్చు. బంతి సరిగా గుండ్రముగను, నునుపుగను లేనిచో ఈ వ్యత్యాసము పెద్దదై, మీరు కోరిన చోట కెమెరా ఆగదు. ఆ చోటు దాటి పోవును. ఆర్కా-స్విస్ అను సంస్థ తన బంతులను సంపూర్ణ గోళములుగా గాక, రవంత కోలగా చేయును. కెమెరా వాలినకొలదియు ఒరపిడి తనంత తానే పెరుగవలెనని దాని ఉద్దేశము. వాలునపుడు మెలి పెరుగునని ఇప్పుడే చూచితిమి గనుక ఈ యుక్తి సులభముగా బోధపడును.

రెండవది జారుడు. మరను పూర్తిగా బిగించి చేయి తీసిన పిదప కెమెరా కొంచెము క్రిందికి దిగును. మా రేడియో స్టూడియోలలో మైకును నిలుపు స్టాండ్లకును ఇట్టి కీళ్లే ఉండును. ప్రసంగము సగములో నుండగా మైకు మెల్లమెల్లగా తలవంచినచో వక్త గొంతు ఎట్లు సన్నగిలునో మేమెరుగుదుము. కెమెరా విషయములో ఇది మరింత ముఖ్యము. మీరు చూచి కూర్చిన దృశ్యము ఒకటి, చిత్రములో పడినది మరియొకటి అగును. దీనిని పరీక్షించు విధము సులభము. మీ కెమెరాను, మీ వద్దనున్న అతి పొడవైన కటకమును అంగడికి తీసికొనిపొండు. దూరముగా గోడపై నున్న ఒక అక్షరమును కెమెరా తెరపై పెద్దదిగా చూపించి, చట్రము నడుమకు తెచ్చి, మర బిగించి చేయి వదలుడు. అక్షరము ఎంత దిగినదో చూడుడు. ఒక నిముషమాగి మరల చూడుడు. పిమ్మట కెమెరాను వ్రేలితో సున్నితముగా తట్టి, తెరపై బింబము ఎంతసేపు వణకి ఊరకుండునో గమనింపుడు. అడుగునున్న మరను బిగించునపుడు కూడ బింబము ప్రక్కకు జరుగరాదు. ఈ పరీక్షలకు పది నిముషములు చాలును. ఏ ప్రకటనయు ఇంత సత్యము చెప్పదు.

మూడవది కెమెరాకును తలకును మధ్యనున్న పలక. కెమెరా అడుగున నుండు మర సాధారణముగా పావు అంగుళముది, స్టాండు వైపున నుండునది పెక్కింట ఎనిమిదింట మూడు అంగుళములది. కొనునపుడు మీ స్టాండు మరయు, తలయు సరిపడునో లేదో చూచుకొనవలెను. లేనిచో నడుమ చిన్న ఇత్తడి తొడుగు కావలసి వచ్చును. కెమెరాను తలకు తగిలించుటకు, తీయుటకు వీలుగా పలకను ముందే కెమెరాకు బిగించి ఉంచుదురు. అంచులు వాలుగా చెక్కిన ఈ పలకలలో ఆర్కా-స్విస్ పేరిట ప్రసిద్ధమైన తరహాను నేడు అనేక సంస్థలు అనుసరించుచున్నవి. వేర్వేరు సంస్థల పలకలు ఒండొంటితో కలియుట ఇందలి సౌకర్యము. అయితే కొలతలలో వెంట్రుకవాసి తేడాలుండవచ్చును గనుక, కొనుటకు ముందు పలకను పట్టులో బిగించి ఊపి చూడవలెను. పలకపై మందమైన మెత్తని రబ్బరు అంటించియున్నచో అది అణగి లేచుచు కెమెరాను ఊపును. కుండకు ఒక్క చిల్లు చాలును. కాళ్లు, నడిమి గొట్టము, బంతి, పలక, వీనిలో ఏ ఒక్కటి వదులైనను తక్కిన వాని గట్టితనము వ్యర్థమగును. నడిమి గొట్టమును పైకెత్తిన మేరకు మూడు కాళ్ల స్టాండు ఒంటికాలి స్టాండగునని గుర్తుంచుకొనవలెను.

నాలుగవది గిన్నె అంచున నుండు గాడి. కాడను ఈ గాడిలోనికి వాల్చినచో కెమెరా 90 డిగ్రీలు తిరుగును. నిలువు చిత్రములకే గాక, పైకప్పులను తీయుటకు ఇది అత్యవసరము. లేపాక్షి వీరభద్రాలయము ఇందుకు చక్కని ఉదాహరణము. 16వ శతాబ్దిలో, విజయనగర ప్రభువుల కాలమున చిత్రించిన వర్ణచిత్రములు ఆ మండపముల పైకప్పులపై కలవు. వెలుతురు తక్కువ. ఇట్టి పురాతన చిత్రముల ముందు మెరుపుదీపము వాడరాదు. కెమెరా నిట్టనిలువుగా పైకి చూడవలెను, షట్టరు రెండు మూడు సెకనులు తెరచియుండవలెను. తలకు ఇంతకన్న కఠినపరీక్ష వేరొకటి లేదు. మెలి హెచ్చుగా నుండు స్థితి ఇదియే. అట్టి సమయమున గాడి ఉన్న దిక్కునకు సరిగా స్టాండు కాలొకటి వచ్చునట్లు అమర్చినచో, బరువు ఆ కాలిపై పడి స్టాండు ఒరగకుండ నుండును. పురావస్తుశాఖ రక్షణలోనున్న కట్టడములలో స్టాండు నిలుపుటకు అనుమతి అవసరము గనుక, బయలుదేరుటకు ముందే ఆ సంగతి విచారించుకొనుట మంచిది.

ఇట్టి పని మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. హైదరాబాదు సంస్థానపు పురావస్తుశాఖ నడిపిన గులాం యజ్దానీగారు అజంతా కుడ్యచిత్రములను ఛాయాచిత్రముల ఆధారముగా అచ్చువేయించి, 1930 నుండి 1955 వరకు నాలుగు సంపుటములుగా ప్రకటించిరి. అంతకు పూర్వము 1858లో లిన్నేయస్ ట్రైప్ అను సైనికోద్యోగి మద్రాసు మ్యూజియములో నున్న అమరావతి శిల్పములను చిత్రించెను. ఆ కాలపు కెమెరాలు బరువైన కొయ్యపెట్టెలు. వానిని నిలుపుటకు బలమైన స్టాండు తప్ప గత్యంతరము లేదు. పరికరము తేలికయైన కొలదియు మనము స్టాండును తేలికగా చూచుట నేర్చుకొంటిమి.

అన్ని పనులకును బంతితలయే తగునని చెప్పుట నా ఉద్దేశము కాదు. కదలు బొమ్మలు తీయువారికి, కెమెరాను ఒకే వేగముతో త్రిప్పుటకు ద్రవపు ఒరపిడి గల తల వేరుగా నున్నది. 500, 600 మిల్లీమీటర్ల బరువైన కటకములతో కొల్లేటి కొంగలను, పులికాటు రాజహంసలను వెంటాడువారికి ఊయలవలె వ్రేలాడు గింబల్ తల మేలు. బంతితలపై అంత బరువు ఒక్కసారి ప్రక్కకు ఒరిగినచో ఆపుట కష్టము. భవనముల రేఖలు ఇసుమంతయు వంకర పోరాదనువారికి పండ్లచక్రములతో కొంచెము కొంచెముగా జరుగు తల కలదు. కాని ప్రయాణములు చేయుచు, కొండలు, గుడులు, మనుష్యులు, పూలు అన్నియు తీయు సామాన్య ఛాయాచిత్రకారునికి, బరువు తక్కువగను పని త్వరగను జరుగవలెనన్న బంతితలయే అనువైనది.

కొన్న పిదప పోషణ కష్టము కాదు. బంతిని పొడిగుడ్డతో తుడిచిన చాలును. దానికి నూనె పూయరాదు. మనకు కావలసినది ఒరపిడియే, నూనె దానినే హరించును. విశాఖ తీరమున పనిచేసి వచ్చిన దినమున తడిగుడ్డతో ఉప్పును తుడిచి, పొడిగుడ్డతో ఆర్చవలెను. ఇసుకరేణువొకటి గిన్నెలో చేరినచో బంతి గీకుకొనిపోవును. మరను వదలు చేయుటకు ముందు రెండవ చేతితో కెమెరాను పట్టుకొనుట ఎన్నడును మరువరాని నియమము. పట్టు తప్పి కెమెరా తల వ్రాల్చినచో, నెలల సంపాదన ఒక్క క్షణమున కటకముతోబాటు పగులును. పెండ్లిండ్ల చిత్రములు తీసి బ్రతుకు యువకునికి అది కూటి ప్రశ్న. చిత్రము తీయునపుడు షట్టరు మీటను వ్రేలితో నొక్కుటకు మారుగా రెండు సెకనుల స్వయంచాలక గడియారమును వాడినచో వ్రేలి కదలిక కూడ తొలగును. వణుకును సర్దు యంత్రాంగమును స్టాండుపై నున్నపుడు ఆపవలెనా, ఉంచవలెనా అనునది కెమెరా పుస్తకములో చూచి తెలిసికొనవలెను.

కడపట ఒక్క మాట. ఉన్న ధనము పరిమితమైనచో ఏది తగ్గించుకొనవలెనను ప్రశ్న వచ్చును. కెమెరాలు కొలది సంవత్సరములకే పాతవగును. క్రొత్తవి వచ్చును, పాతవి మూలపడును. మంచి బంతితలలో పాతబడుటకు ఏమియు లేదు. అది ఒక బంతి, ఒక గిన్నె, ఒక మర. నేడు కొన్నది రాబోవు రెండు మూడు కెమెరాలను మోయును. గోదావరి యొడ్డున పోలవరము ముంపునకు లోనగు పల్లెలలో తమ ఇంటి అరుగును, ఊరి రావిచెట్టును చిత్రించి ఉంచుకొనవలెనని తలచువారు కలరు. వారు వాడునది పెద్ద కెమెరా కావచ్చును, చేతిలోని ఫోను కావచ్చును. ఏదైనను, దానిని కదలక నిలిపి తీసినచో, ఆ అరుగుమీది చెక్కడములను, చెట్టు మొదటనున్న రాతిపై అక్షరములను వారి మనుమలు చదువుకొనగలరు.